కాల్లో నరం తీసి గుండెకేసినారు

మొన్న మా పక్కింటి అమ్మాయి ఈసీజీ టెక్నీషియన్ కోర్సులో చేరింది. స్వీటు బాక్సు పట్టుకొచ్చి, ఆంటీ మీ అనుభవం ఏదైనా చెప్పండి అని అడిగింది. కూర్చోబెట్టి గంటసేపు చెప్పాను. పాపం, నాలుగు మంచి మాటలు విని వెళ్దామని వచ్చిన పిల్ల, మొహం చిన్నబుచ్చుకుని వెళ్ళింది. తర్వాత వాళ్ళమ్మ ఫోన్ చేసి, పిల్లని అంతలా భయపెట్టారేమిటండీ అంది. భయపెట్టలేదు, కోప్పడ్డాను. అదీ ఆ పిల్ల మీద కాదు. ఆ కోపమే ఇక్కడ రాసిపెడుతున్నాను. ఈ పనిలోకి వచ్చే మిగతా పిల్లలు కూడా చదువుకోండి.

నేను విశాఖపట్నంలో, పోర్టుకి దగ్గరగా ఉన్న ఓ ఆసుపత్రిలో ముప్పై ఒక్క సంవత్సరాలు ఈసీజీలు తీశాను. ఆసుపత్రి పేరు చెప్పను. చెబితే వాళ్ళకి కోపం వస్తుంది, ఇద్దరికీ సరిపడా నా దగ్గరే ఉంది. రిటైరైన రోజు మా సూపరింటెండెంట్ గారు నాకు శాలువా కప్పి, మైకులో ‘‘ఒక కుర్రవాడి కాలు చూసి ప్రాణం నిలబెట్టిన మనిషి’’ అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ శాలువా తీసి ఆయన చేతిలోనే పెట్టేయాలనిపించింది. పెట్టలేదు. ఉద్యోగం పొడుగునా చేసిన పనే ఆ రోజూ చేశాను, నోరు మూసుకుని కూర్చున్నాను.

నోరు మూసుకోవడం నాకు నేర్పింది మా సీనియర్ టెక్నీషియన్. చాలా మంచివాడు. క్యారేజీలో ఏం తెచ్చుకున్నా సగం నాకు పెట్టేవాడు. నేను చేరిన మొదటి వారమే, మన పని గీత తీయడం, గీత చదవడం డాక్టరు పని, ఈ రెండూ కలిపావంటే ఉద్యోగం ఊడుతుంది అని చెప్పాడు. ఏళ్ళ తరబడి ఆ మాటని పొల్లు పోకుండా పాటించాను. గీత చదవడం రాక కాదు. రోజుకి నలభై, యాభై గీతలు చూసేదానికి ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియకుండా ఎలా ఉంటుంది? తెలిసేది. తెలిసినా పేషెంటు మొహం చూసి, ‘‘డాక్టరు గారికి చూపించండి’’ అనడమే.

మా గదికి రాని మనిషి లేడు. పోర్టు కళాసీలు, వన్ టౌన్ హోల్‌సేల్ కొట్ల గుమస్తాలు, ఆటోనగర్ వెల్డర్లు, రేవులో చేపలమ్మే ఆడవాళ్ళు అందరూ ఆ మంచం మీద పడుకున్నవాళ్ళే. ఈసీజీకి ఛాతీ మీద ఆరు రబ్బరు బల్బులు అంటించాలి, రెండు చేతులకీ రెండు కాళ్ళకీ క్లిప్పులు పెట్టాలి. ఆ కాళ్ళ సంగతే మీకు చెప్పాలి. డాక్టరు మొహం చూస్తాడు, ఛాతీ చూస్తాడు, కాగితం చూస్తాడు. మనిషి ప్యాంటు పైకి మడిచి, మేజోడు కిందికి లాగి, చీలమండ తుడిచేది టెక్నీషియన్ ఒక్కతే. నా సర్వీసులో ఎన్ని వేల కాళ్ళు చూశానో నాకే తెలియదు. అందుకే ఈ కథలో అందరికంటే ముందు నా మీద నాకు కోపం.

ఆ అబ్బాయి మొదటిసారి వచ్చినప్పుడు పాతికేళ్ళుంటాయి. వాళ్ళమ్మ వెంట వచ్చింది గానీ నా గది బయటే ఉండిపోయింది. సముద్రం మీద బతికే కుటుంబం. కానీ వాళ్ళమ్మ ఒక్కనాడూ అతన్ని పడవ ఎక్కనివ్వలేదు. చిన్నప్పుడు గుండెకి ఆపరేషనైందని ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డులో పనికి పెట్టింది. గ్యాస్ సిలిండరు దొర్లించుకుంటూ వెళ్తుంటే గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉంటోందని, ఆగితే తగ్గిపోతోందని చెప్పాడు. చొక్కా విప్పితే ఛాతీ మధ్యలో పైనుంచి కింది దాకా పాత కుట్ల మచ్చ. ఓపీ చీటీ మీద అప్పటికే రాసి ఉంది: చిన్నతనంలో గుండెలో రంధ్రానికి ఆపరేషన్.

ఆ మచ్చ చూస్తే ఎవరైనా అలాగే రాస్తారు. మా వైపు ఛాతీ మీద కుట్లున్న పిల్లలు ఎంతోమంది. అందరికీ గుండెలో రంధ్రమే, అందరికీ చిన్నప్పుడే మూశారు. మూసేశాక ఆ పిల్లలు నిక్షేపంగా తిరుగుతారు, పెళ్ళిళ్ళు చేసుకుంటారు, మళ్ళీ మా గడప తొక్కరు. అందుకని మా ఆసుపత్రిలో కుట్ల మచ్చ అంటే రంధ్రం అని అర్థం. అడగాల్సిన పని కూడా ఉండదనుకుంటాం.

ఎడమకాలికి క్లిప్పు పెడుతుంటే చీలమండ లోపలి వైపు నుంచి పిక్క మీదుగా మోకాలి దాకా ఒక పొడుగాటి గీత కనబడింది. తెల్లబడిన పాత గీత. అది ఏమిటని అడిగి ఊరుకున్నా బాగుండేది. నేనేం అన్నానో అక్షరాలా గుర్తుంది: ‘‘ఏం బాబూ, పడవ ఇంజను ఫ్యాను కోసిందా?’’ పడవ ఎక్కనివ్వని పిల్లాణ్ణి పడవ ఫ్యాను ఎలా కోస్తుందని నా బుర్రకి తట్టలేదు. అతను సిగ్గుగా నవ్వి, ‘‘ఏమో మేడమ్, సిన్నప్పటిది, నాకు తెల్దు’’ అన్నాడు. ప్రశ్నా నాదే, జవాబూ నాదే. మచ్చ మీద క్లిప్పు సరిగ్గా కూర్చోదని కొంచెం పక్కకి జరిపి పెట్టాను. నొప్పి లేనప్పుడు తీసిన ఈసీజీ కాబట్టి గీత శుభ్రంగా వచ్చింది. గ్యాస్ మాత్రలు రాసి పంపించేశారు.

అయిదు నెలల తర్వాత మళ్ళీ వచ్చాడు. ఈసారి మెట్లెక్కితేనే నొప్పి. ఓపీలో అప్పుడు కూడా మొదటిసారి చూసిన డాక్టరే ఉన్నాడు. కుర్రవాడు, చదువుకున్నవాడు, ఓపీ అయ్యేసరికి నిలబడే ఓపిక లేనంతగా పనిచేసేవాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఓ నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేదాన్ని, ఇప్పటిదాకా ఈ మంట ఉండేది కాదు.

నేను తీసిన గీతలో గుండె ఎడమవైపుని చూపించే లీడ్లలో అలలు తిరగబడ్డాయి. పైకి ఉండాల్సినవి కిందికి ఉన్నాయి. మొదటిసారి అలా లేవని నాకు బాగా గుర్తు. ఫైలు తీసి పాత ఈసీజీ చూద్దామంటే, అంటించిన టేపు కింద కాగితం తెల్లగా అయిపోయింది. ఆ కాగితం మీద టేపు వేస్తే గీత చెరిగిపోతుందని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో. పిన్నులు దొరకలేదని టేపు వేశారు. నా సర్వీసులో అప్పటిదాకా చేయని పని ఆ రోజు చేశాను. కాగితం పట్టుకుని స్వయంగా డాక్టరు దగ్గరికి వెళ్ళి, సార్, ఇది పాతదానిలా లేదు, మారింది అని చెప్పాను.

ఆయన నిదానంగానే జవాబిచ్చాడు. ‘‘వయసు చూడండమ్మా. పాతికేళ్ళు. షుగరు లేదు, సిగరెట్ లేదు. రంధ్రం మూసిన గుండెలో ఇలాంటి చిన్న మార్పులు ఉంటాయి. పాతది కూడా ఇలాగే ఉండి ఉంటుంది.’’

నమ్మకం కోసం గుండెకి ఎకో స్కాను కూడా చేయించాడు. ఎకో రిపోర్టులో రంధ్రం లేదు, మధ్య గోడ చక్కగా ఉంది అని వచ్చింది. ఆపరేషన్ బాగా చేశారు అని అందరం అనుకున్నాం. అసలు ఎప్పుడూ లేని రంధ్రం కనబడకపోవడం మాకు సాక్ష్యమైంది. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు నవ్వూ వస్తుంది, పళ్ళు కూడా పటపటమంటాయి. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తే బయటపడేదేమో, కానీ దాని బెల్టు పాడై అప్పటికి రెండు నెలలు. బాగయ్యాక కబురు చేస్తాం రమ్మన్నారు. కబురు చేసినవాడు లేడు.

ఆ తర్వాత మూడో నెలలో ఒక గురువారం, బైపాస్ చేయించుకున్న ఒక రిటైర్డ్ పోర్టు ఉద్యోగి చెకప్‌కి వచ్చారు. అలాంటి పెద్దవాళ్ళు వారానికి పదిమంది వస్తారు. మాట్లాడుతూనే పంచె పైకి జరిపి, ఎడమకాలు తుడిచి, క్లిప్పు పెట్టబోయి ఆగిపోయాను. చీలమండ లోపలి వైపు నుంచి మోకాలి దాకా గీత. బైపాస్ అంటే గుండెకి రక్తం తెచ్చే గొట్టం మూసుకుపోతే, కాల్లోంచి ఒక నరం తీసి దారి మళ్ళించడం. అది తీసిన చోటే ఆ గీత. ముప్పై ఏళ్ళుగా నేను రోజూ చూస్తున్న గీత. ఆ అబ్బాయి కాలి మీదున్నదీ అదే. అదే చోట, అదే పొడుగు. పాతికేళ్ళ కాలి మీద ఉంది కాబట్టి నా కళ్ళు దాన్ని పోల్చుకోలేదు.

ఆయన ఈసీజీ ఎలా తీశానో తెలియదు. తిన్నగా రికార్డు రూముకి వెళ్ళి ఆ అబ్బాయి నంబరు తీయించాను. స్విచాఫ్. మళ్ళీ చేశాను. స్విచాఫ్. ఆటోనగర్‌లో వెల్డింగ్ షెడ్డు అని మాత్రం తెలుసు, ఏ షెడ్డో తెలియదు. వెళ్ళి వెతకాలనుకున్నాను. శుక్రవారం నాకు డ్యూటీ మార్చుకునే మనిషి లేదు, శనివారం వెళ్దాంలే అనుకున్నాను. ఆ ‘లే’ నన్ను ఇప్పటికీ వదల్లేదు. సెలవు పెట్టి వెళ్ళి ఉండొచ్చు. మా గుండె విభాగం పెద్ద డాక్టరు గారికి ఫోన్ చేసి ఉండొచ్చు. తప్పైతే నవ్వుతారని భయం. నా పరువు కోసం ఒక్కరోజు ఆగాను.

శుక్రవారం మధ్యాహ్నం భోజనం చేసి చేయి కడుక్కుంటుంటే క్యాజువాలిటీ నుంచి పిలుపు. షెడ్డు యజమాని, ఇంకో ఇద్దరు వెల్డర్లు ఆ అబ్బాయిని ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్ళంతా చెమట, మొహంలో రక్తపు చుక్క లేదు. నొప్పి ఎక్కడని అడిగితే చేయెత్తి చూపించలేకపోయాడు. మెషిన్ పెట్టాను. ఆ గీత చదవడానికి డాక్టరు అక్కర్లేదు, గుమ్మం దగ్గర కాపలా మనిషికి చూపించినా తెలుస్తుంది. గుండె ముందు గోడకి రక్తం ఆగిపోయింది.

అదృష్టం, ఆ వేళకి గుండె విభాగం పెద్ద డాక్టరు గారు కిందనే ఉన్నారు. కాగితం ఆయన చేతికిచ్చాను. పక్కన ఉన్న క్యాజువాలిటీ డాక్టరు ఫైలు చూసి, చిన్నప్పుడు రంధ్రం మూశారు సార్ అని చదువుతున్నాడు. అప్పుడు నేను నోరు తెరిచాను.

‘‘రంధ్రం కాదు సార్. బైపాస్. కాలు చూడండి.’’

ఆయన వంగి, ప్యాంటు మోకాలి దాకా లాగి, వేలితో ఆ గీత వెంట తడిమారు. తర్వాత లేచి, రక్తనాళంలోకి తీగ పంపి గుండెకి చికిత్స చేసే క్యాథ్ ల్యాబ్ వాళ్ళకి కేకేశారు. ఆ సంగతి ముందే తెలియడం వల్ల ఆయన లోపల తిన్నగా ఆ కాలి నరం కోసమే వెతికారు. లేకపోతే గుండె సొంత గొట్టాల్లో తిరుగుతూ ఎంత సమయం పోయేదో. నరం పూర్తిగా పూడుకుపోయి ఉంది. గడ్డకట్టిన రక్తం లాగేసి, స్టెంటు వేసి, దారి తెరిచారు.

ఇందులో మీకు తెలియాల్సింది కొంచెమే. కాలి నరం కాలి పనికి పుట్టింది. దాన్ని తెచ్చి గుండె ఒత్తిడి మోయమంటే కొన్నేళ్ళు మోస్తుంది, తర్వాత లోపల గట్టిపడి సన్నబడుతుంది. పెద్దవాళ్ళకే పదేళ్ళు, పదిహేనేళ్ళు గడిస్తే గ్యారంటీ లేదంటారు. పిల్లల సంగతి ఇంకా కష్టం. పిల్లాడు పెరుగుతాడు, ఆ నరం అతనితో పాటు పెరగదు. అలాంటి పిల్లవాణ్ణి జన్మంతా చూసుకుంటూ ఉండాలి. ఈ పిల్లవాణ్ణి చూసుకోవాలని చెప్పినవాళ్ళు లేరు, వచ్చినప్పుడు చూసినవాళ్ళూ లేరు.

వాళ్ళమ్మ రేవు నుంచి పరుగున వచ్చింది. చేతులకి ఇంకా చేప పొలుసులు అంటుకునే ఉన్నాయి. క్యాథ్ ల్యాబ్ బయట బెంచీ మీద పక్కన కూర్చున్నాను. మాది ఎలమంచిలి పక్క పల్లెటూరు. ఆసుపత్రిలో ‘ఏమిటి’ అని మాట్లాడతాను గానీ, ఆమె పక్కన కూర్చునేసరికి నా నోట్లోంచి మా ఊరి మాటే వచ్చింది. ఆడికి సిన్నప్పుడు ఏటైందమ్మా అని అడిగాను. నిజానికి అందరికంటే ముందు అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. అప్పటిదాకా ఎవరూ అడగలేదు.

ఏడేళ్ళప్పుడు తొమ్మిది రోజులు జ్వరం వచ్చిందట. కళ్ళు ఎర్రగా, పెదాలు పగిలి, ఒంటి నిండా దద్దుర్లు. అమ్మవారనుకుని వేపాకులు పరిచి పడుకోబెట్టారు. వీధి చివర డాక్టరు కూడా తట్టే అన్నాడు. జ్వరం తగ్గాక వేళ్ళ కొసల దగ్గర చర్మం ఊడిపోయింది. కొన్ని నెలలకి బడిలో ఆడుకుంటూ పడిపోయాడు. ఇక్కడినుంచి అక్కడికి, అక్కడినుంచి ఇంకో రాష్ట్రంలో పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఆ జ్వరానికి జపాను డాక్టరు ఎవరిదో పేరుందని, అది గుండె గొట్టాలని ఉబ్బించి పాడుచేస్తుందని మా పెద్ద డాక్టరు గారు తర్వాత నాకు చెప్పారు. ఆ కాగితాలన్నీ ఓ తుఫానులో ఇంటితో పాటు తడిసి ముద్దైపోయాయి.

అంతా విని, ఇదంతా మరి ముందే మా డాక్టరుకి చెప్పకపోయావా అన్నాను. ఎంత సులువుగా అన్నానో. ఆమె నా వైపు తిరిగి చూసింది.

‘‘సెప్పినానమ్మా. మొదటి దినమే సెప్పినాను. కాల్లో నరం తీసి గుండెకేసినారు బావూ అని సెప్పినాను. ఆ డాక్టరు బాబు నవ్వినాడు. పిల్లలికి అలాగ సెయ్యరమ్మా, అది ముసిలోళ్ళకి సేత్తారు, నీ కొడుక్కి గుండెలో కన్నం ఉండుంటాది, అది మూసేసుంటారు అన్నాడు. అంత సదివినోడు సెప్తంటే నాకే సరిగ్గా గురుతు నేదేమో అనుకున్నాను. రెండోసారి వచ్చినప్పుడు నానే కన్నం అని సెప్పినాను.’’

ఆ బెంచీ మీద నాకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. కన్నతల్లి తన కళ్ళతో చూసినదాన్ని మేం ఆమె చేతే అబద్ధం చేయించాం. ఆమె నోట మా తప్పు పెట్టి, ఆమె మళ్ళీ అదే చెబితే, చూశావా తల్లే చెప్పింది అని రాసుకున్నాం. చేపల వాసన వచ్చే చీర కట్టుకున్న మనిషికి గుండె సంగతి ఏం తెలుస్తుందని అనుకున్నాం. ఇస్త్రీ చీరలో వచ్చి ‘బైపాస్’ అనే మాట వాడి ఉంటే రాసుకునేవాళ్ళం. ఆమె దగ్గర ఆ మాట లేదు, నిజం ఉంది.

అబ్బాయి బతికాడు. గుండె ముందు గోడలో కొంత భాగం చచ్చిపోయింది, అది తిరిగి రాదు. ఇక బరువు పనులు చేయకూడదన్నారు. ఇప్పుడు ఆటోనగర్‌లోనే స్పేర్ పార్టుల షాపులో కౌంటర్ దగ్గర కూర్చుంటున్నాడు. మొదటిసారి వచ్చినప్పుడే పట్టుకుని ఉంటే ఆ గోడ దక్కేది. ఇది నా మాట కాదు, పెద్ద డాక్టరు గారే అన్నారు. మీటింగులో మాత్రం అనలేదు.

ఆ మీటింగు సంగతి కూడా చెప్పాలి. అరుదైన కేసని తర్వాతి వారం హాల్లో అందరినీ కూర్చోబెట్టి తెర మీద చూపించారు. నన్నూ పిలిచారు, మొదటి వరుసలో కుర్చీ వేశారు. కాలి ఫొటో పెట్టి, దీన్ని పట్టుకున్నది మన టెక్నీషియన్ అనగానే చప్పట్లు. ఆ పక్క స్లైడులోనే ఒక వాక్యం ఉంది: బైపాస్ జరిగిన సంగతి రోగి బంధువులు వెల్లడించలేదు.

నేను లేచి నిలబడ్డాను. ‘‘చెప్పింది సార్. మొదటి రోజే తల్లి చెప్పింది. మనం రాసుకోలేదు’’ అన్నాను. ఓపీ డాక్టరు తల దించుకున్నాడు. పాపం అతనికి గుర్తొచ్చిందని ఆ మొహం చూస్తే తెలిసింది. కానీ నోరు విప్పలేదు. సూపరింటెండెంట్ గారు నవ్వి, మీ భావం అర్థమైందమ్మా, ఆ విషయం విడిగా చూద్దాం అన్నారు. తర్వాత స్లైడు వచ్చింది. విడిగా చూసినవాళ్ళు లేరు. ఓపీ డాక్టరు మర్నాడు నా గదికి వచ్చి, ఆమె అలా అన్నట్టే ఉంది మేడమ్, నేనే పట్టించుకోలేదు అని తలుపు దగ్గర నిలబడి చెప్పాడు. ఆ మాట ఇక్కడ కాదు బాబూ, నిన్న హాల్లో చెప్పాల్సింది అన్నాను. వెళ్ళిపోయాడు. అప్పుడే కాస్త మెత్తగా మాట్లాడి ఉండాల్సిందేమో. నాకు చేతకాలేదు.

డిశ్చార్జి రోజు పదకొండింటికి ఆ తల్లీ కొడుకూ నా గది ముందుకి వచ్చారు. ఆమె డిశ్చార్జి కాగితం నా చేతికిచ్చి, ఏటి రాసినారో సదివి సెప్పమ్మా అంది. ఇంగ్లీషులో ఉంది. తెలుగు చేసి చెబుదామని మొదటి లైను చూశాను. పాత చరిత్ర: చిన్నతనంలో గుండెలో రంధ్రానికి ఆపరేషన్.

అంతా అయ్యాక కూడా, అందరూ చప్పట్లు కొట్టాక కూడా, అదే లైను. కాగితం పట్టుకుని కంప్యూటర్ దగ్గర కూర్చునే అమ్మాయి దగ్గరికి పరిగెత్తాను. అది పాత ఎంట్రీ నుంచి దానంతటదే వచ్చేస్తుంది మేడమ్, తీయాలంటే సూపరింటెండెంట్ గారి సంతకం కావాలి, ఆయన మీటింగులో ఉన్నారు, సోమవారం రమ్మనండి, ఇప్పటికి ఇది పట్టుకెళ్ళిపొమ్మనండి అంది. నేను కేకలేయడం మొదలెట్టాను. ఎవరి మీద వేస్తున్నానో నాకే తెలియలేదు.

ఆ తల్లి నా చేయి పట్టుకుని ఆపింది. కాగితంలో ఏం తప్పుందో చెప్పమంది. చెప్పాను. ఆమె కొడుకుని నా గదిలో మంచం మీద కూర్చోబెట్టి, సూపరింటెండెంట్ గారి గది ముందుకి వెళ్ళి నేల మీద కూర్చుంది. కాపలా మనిషి లేవమన్నాడు. లేవలేదు. కంప్యూటర్ అమ్మాయి వచ్చి, సోమవారం తప్పకుండా మారుస్తామని నచ్చజెప్పింది. కదల్లేదు. నేను పక్కన నిలబడ్డాను. ఆమె కోసం మాట్లాడదామని రెండుసార్లు నోరు తెరిచాను, రెండుసార్లూ చేత్తోనే ఆగమంది. రెండు గంటలు గడిచాక సూపరింటెండెంట్ గారు వచ్చి, ఏమిటమ్మా ఇది, నీ కొడుకుని బతికించాం కదా, చిన్న అచ్చుతప్పు కోసం ఈ గొడవేమిటి అన్నారు.

ఆమె లేచి నిలబడి రెండు చేతులూ జోడించింది. గొంతు పెంచలేదు.

‘‘బతికించినారు బావూ, మీ కాళ్ళకి దండం. కానీ ఈ కాయితం నాను పట్టుకెల్లను. రేపు ఆడు ఇంకో ఊర్లో పడిపోతే, అక్కడి డాక్టరు ఈ కాయితమే సూత్తాడు. నా మాట ఇనడు. ఆడి కాల్లో నరం తీసిన నాడు ఆ గది బయట కూకున్నది నాను. మీరెవరూ అక్కడ నేరు.’’

ఆయన కాగితం తీసుకుని లోపలికి వెళ్ళారు. పదిహేను నిమిషాల్లో కొత్తది వచ్చింది. రంధ్రం పోయింది. ఏడేళ్ళ వయసులో బైపాస్ ఆపరేషన్, ఎడమకాలి రక్తనాళం వాడారు, జీవితాంతం గుండె డాక్టరు పరీక్షలో ఉండాలి అని ఉంది. మా ఆసుపత్రి కాగితాలన్నిటిలోనూ వివరాలు ఎవరు చెప్పారో, అవి నమ్మదగినవో కావో రాయడానికి ఒక గడి ఉంటుంది. ఎప్పుడూ ఖాళీగా వదిలేసే గడి. దానిలో ఆయన తన పెన్నుతో రెండు మాటలు రాశారు: తల్లి. నమ్మదగినవి.

ఆమెకి అంతా చదివి వినిపించాను. చివర ఆ చేతిరాత మీద వేలు పెట్టి, ఇదేటి అని అడిగింది. నువ్వు చెప్పింది నిజమని రాశారమ్మా అన్నాను.

‘‘అది నాకు తెల్దేటి’’ అని, కాగితం మడిచి, కొడుకుని లేపి తీసుకెళ్ళింది.